పిల్లల్ని ఆడుకోవడానికి పంపే ఇంట్లో గన్స్ ఉంటే ఏం అడగాలి? పిల్లలకి ఏం నేర్పాలి? (టెక్సస్)

ఫ్రిస్కో_అమ్మ:

నమస్తే అండి. పాపకి ఎనిమిదేళ్ళు. క్లాస్‌మేట్ వాళ్ళింటికి ప్లేడేట్‌కి రమ్మన్నారు. ఆ ఇంటాయన వేటకి వెళ్తారట, ఇంట్లో రైఫిళ్ళు, ఒక పిస్టల్ ఉన్నాయని ఆయనే మాటల్లో చెప్పారు. మర్యాదస్తులే. కానీ మనవాళ్ళలో సగం మంది "గన్ ఉన్న గడప తొక్కనివ్వకు" అంటున్నారు, మిగతా సగం "ఇక్కడ పుట్టిన పిల్ల, తీసుకెళ్ళి గన్ క్లాసులో చేర్పించు, భయం పోతుంది" అంటున్నారు. ఇండియాలో ఇంట్లో తుపాకి చూసి పెరిగినవాళ్ళం కాదు, అందుకని ఏది సబబో తేలట్లేదు.

అవతలివాళ్ళు నొచ్చుకోకుండా ఎలా అడగాలి? "ముట్టుకోకు" అని పాపకి చెప్తే సరిపోతుందా? ఇంకోటి, మావారిని ఆఫీసువాళ్ళు షూటింగ్ రేంజ్‌కి రమ్మంటున్నారు. మావారిది హెచ్1బి (ఉద్యోగ వీసా), నాది హెచ్4 (డిపెండెంట్ వీసా). వెళ్ళొచ్చా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

---

పిల్లల_వార్డు:

ముందు మొదటి రెండింటికి చెప్తాను.

గన్ ఉన్న ఇళ్ళన్నీ మానేస్తామంటే ఇక్కడ కుదరదండి. 2023లో ప్యూ రీసెర్చ్ సర్వేలో పెద్దవాళ్ళలో 32 శాతం మంది తమకి సొంత గన్ ఉందన్నారు. తమది కాకపోయినా ఇంట్లో ఎవరిదో ఒకరిది ఉన్నవాళ్ళని కూడా కలిపితే పదిమందిలో నలుగురు. అంటే మీకు చెప్పిన ఆ ఇంటాయన కంటే, చెప్పని ఇళ్ళే ఎక్కువ. అందుకని "ఉందా" అన్నదాని కంటే "ఎలా పెట్టారు" అన్నది తేల్చుకోవాలి.

పిల్లలకి చెప్పడం గురించి. ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్, గన్ ఓనర్ల సంఘం) వాళ్ళు 1988 నుంచి ఎడ్డీ ఈగిల్ అనే బొమ్మతో నాలుగు ముక్కలు నేర్పిస్తున్నారు: ఆగు, ముట్టుకోకు, పరుగెత్తి అవతలికి పో, పెద్దవాళ్ళకి చెప్పు. ముక్కలు మంచివే, నేర్పండి. పిల్లలు అప్పజెప్తారు కూడా. చిక్కల్లా అప్పజెప్పిన పిల్లే గన్ కంటబడ్డప్పుడు అలా చేస్తుందా అన్న దగ్గరే.

2001లో అట్లాంటాలో ఒక పరీక్ష చేశారు. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లల్ని ఇద్దరిద్దరు, ముగ్గురేసి చొప్పున ఒక గదిలో వదిలారు. సొరుగుల్లో రెండు నీళ్ళ పిస్టళ్ళు, ఒక అసలు పిస్టల్ (కాల్చడానికి వీల్లేకుండా చేసినది) పెట్టారు. మొత్తం 29 జట్లు. 21 జట్లకి అసలుది దొరికింది. అందులో 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. అలా పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు ఏదో ఒక గన్ సేఫ్టీ పాఠం విన్నవాళ్ళే.

అలాగని పాఠం పూర్తిగా దండగ అనకూడదు. 2023లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్ళు 8-12 ఏళ్ళ పిల్లలకి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పే ఒక్క నిమిషం వీడియో చూపించి, వారం తరవాత ఇలాగే గదిలో వదిలారు. వేరే వీడియో చూసినవాళ్ళలో గన్ ముట్టుకున్నవాళ్ళు 67 శాతం, ఈ వీడియో చూసినవాళ్ళలో 39 శాతం. తేడా బాగానే ఉంది. కానీ పాఠం విన్నాక కూడా పదిమందిలో నలుగురు ముట్టుకున్నారన్నది మర్చిపోవద్దు. పెద్దవాళ్ళు తాళం వేసి ఉంటే ఆ నలుగురూ క్షేమమే. అందుకే పాఠాన్ని తాళం మీద అదనంగా చూడాలి గాని, తాళం బదులుగా కాదు.

"మా బాబు చిన్నవాడు, ట్రిగ్గర్ నొక్కే బలం ఎక్కడిది" అనుకునేవాళ్ళు కూడా ఉంటారు. రెండు చూపుడువేళ్ళూ వాడితే, మూడు నాలుగేళ్ళ పిల్లల్లో పావువంతు మంది, ఐదారేళ్ళవాళ్ళలో 70 శాతం, ఏడెనిమిదేళ్ళవాళ్ళలో 90 శాతం లాగడానికి పది పౌండ్ల బలం కావాల్సిన ట్రిగ్గర్‌ని లాగగలరని 1995లోనే కొలిచి చూశారు. చాలా పిస్టళ్ళ ట్రిగ్గర్ ఐదారు పౌండ్లే. చిన్నపిల్లలు గన్‌ని తమవైపు తిప్పుకుని బొటనవేళ్ళతో నొక్కే వీలుంది, అప్పుడు తూటా వాళ్ళకే తగులుతుంది.

"ఎక్కడ దాచామో పిల్లలకి తెలీదు" అనే మాట కూడా నమ్మొద్దు. అలబామాలో 2006లో తల్లిదండ్రుల్ని, పిల్లల్ని విడివిడిగా అడిగారు. తెలీదని తల్లిదండ్రులు చెప్పిన పిల్లల్లో 39 శాతం మంది తమకి ఆ చోటు తెలుసనే చెప్పారు.

మన ఇళ్ళలో పిల్లలకి ఇంకో అలవాటుంది. దీపావళికి రీళ్ళ తుపాకి కొనిస్తాం. వాడు దాన్ని అక్క మొహానికి గురిపెట్టి టప్ మనిపిస్తే నవ్వుతాం. గన్ మనిషివైపు తిప్పడం ఆట అని వాడికి ఆ చేతులతోనే నేర్పినట్టవుతుంది. బొమ్మదైనా సరే మనిషివైపు తిప్పకూడదన్న నియమం ఇంట్లో పెట్టండి. నేలకేసి కాల్చుకోనివ్వండి.

ఇక అడగడం. ఫోన్ చేసి గన్ ఒక్కదాని గురించే అడిగితే ఎదుటివాళ్ళకి అనుమానించినట్టు అనిపిస్తుంది. వరసలో పెట్టి అడగండి. ముందు మన వైపునుంచి చెప్పాల్సినవి చెప్పండి: పాపకి పల్లీలు పడవు, పోర్క్ తినదు, ఇంత టైముకి తీసుకెళ్తాం. తరవాత, పూల్‌కి కంచె ఉందా, కుక్క ఉందా, గన్స్ అన్నీ తాళంలో ఉన్నాయా, ఖాళీ చేసి ఉన్నాయా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? నోటితో అడగలేకపోతే మెసేజ్ పెట్టండి. ఆయనే ముందు చెప్పారు కాబట్టి మీకు ఇంకా సులువు. బాధ్యతగా ఉండే గన్ ఓనర్ ఈ ప్రశ్నకి నొచ్చుకోడు, చాలామంది సేఫ్ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తారు. "మా పిల్లలకి తెలుసులెండి, ముట్టుకోరు" అన్న జవాబొస్తే మాత్రం "ఈసారి మా ఇంట్లో ఆడుకోనిద్దాం" అనండి. సంబంధం చెడదు.

టీనేజి పిల్లలున్నవాళ్ళకి ఒక మాట. అమెరికాలో 2021లో గన్ వల్ల చనిపోయినవాళ్ళు 48,830 మంది, అందులో 26,328 ఆత్మహత్యలు. చిన్నపిల్లల ప్రమాదాల గురించే అందరం మాట్లాడుకుంటాం గాని, పదిహేనేళ్ళ పిల్లాడు గ్రేడ్లు తగ్గి, ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపేసుకుంటున్నప్పుడు ఇంట్లో గన్ ఉండటం ఇంకా పెద్ద ప్రమాదం. అలాంటి రోజుల్లో ఉన్న తాళం చాలదు. కోడ్ వాడికి తెలిసే ఉంటుంది. కొన్నాళ్ళు గన్ ఇంటి బయట పెట్టించండి. కొన్ని గన్ షాపులు, కొన్ని పోలీసు స్టేషన్లు తాత్కాలికంగా దాచిపెడతాయి, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లాడితో నేరుగా మాట్లాడండి. సాయానికి 988 (ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళకి సాయపడే హెల్ప్‌లైన్)కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

---

రేంజ్_సేఫ్టీ:

పై మాటలతో ఏకీభవిస్తాను, ఒక్కదాంట్లో తప్ప. ఏడెనిమిదేళ్ళ తరవాత పిల్లలకి "ముట్టుకోకు" అని మాత్రమే చెప్తే కుతూహలం పెరుగుతుంది. ఆ వయసులో కూర్చోబెట్టి, కారణం చెప్పాలి. తూటా గోడ దాటి పక్కగదిలోకి పోతుంది. లోపల తూటా ఉందో లేదో బయటికి కనబడదు. సినిమాలో పడినవాడు లేస్తాడు, ఇక్కడ లేవడు. ఇది చెప్పడానికి గన్ చేతికివ్వక్కర్లేదు. టెన్నెసీ 2024లో, ఆర్కన్సా, యూటా 2025లో బడుల్లో ఈ పాఠాలకి చట్టాలు చేశాయి. టెన్నెసీ చట్టంలో అయితే నిజం తుపాకీలతో చెప్పకూడదనే ఉంది.

పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సింది వేరే. మీరు కాల్చకపోయినా, కొనకపోయినా ఇది తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే ఎదుటివాళ్ళు "ఖాళీదే" అన్నప్పుడు అది నిజంగా ఖాళీయో కాదో మీకు అర్థం కావాలి.

పిస్టల్‌లో తూటాలు రెండు చోట్ల ఉంటాయి. పిడిలో మ్యాగజైన్ (తూటాల పెట్టె), పైన బ్యారెల్ (గొట్టం) వెనక ఛాంబర్ (పేలబోయే తూటా ఉండే చోటు). మ్యాగజైన్ బయటికి లాగేసినా ఛాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే చాలా మోడళ్ళలో అది పేలుతుంది. "మ్యాగజైన్ తీసేశా, ఖాళీదే" అన్న మాట వెనక జరిగిన ప్రమాదాలు లెక్కలేనన్ని.

ఖాళీ చేసే వరస కూడా ముఖ్యం. బ్యారెల్ ఎవరూ లేని దిక్కుకి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా, ముందు మ్యాగజైన్ తీయాలి. ఆ తరవాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఛాంబర్‌లోది ఎగిరి కిందపడుతుంది. స్లైడ్‌ని వెనకే నిలిపి, లోపలికి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూడాలి. మసక వెలుతురులో కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు. కొత్తవాళ్ళు కంగారులో ఈ వరస తిరగేస్తారు. ముందు స్లైడ్ లాగితే ఛాంబర్‌లోది బయటపడుతుంది, స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకోదాన్ని ఛాంబర్‌లోకి తోస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. ఒక తూటా కిందపడింది, మ్యాగజైన్ చేతిలో ఉంది, కాబట్టి ఖాళీ అనిపిస్తుంది. కాదు.

శుభ్రం చేస్తూ పేలిపోయిందని వార్తల్లో చదువుతాం చూడండి, దాని వెనక చాలాసార్లు ఇదే. గ్లాక్ లాంటి కంపెనీ పిస్టళ్ళలో విడదీయడానికి ముందు ట్రిగ్గర్ ఒకసారి నొక్కాలి. వరస తప్పినవాడు అక్కడ నొక్కుతాడు. శుభ్రం చేసే టేబుల్ మీద తూటాలు ఉండనే కూడదు, వాటిని ఇంకో గదిలో పెట్టి రావాలి.

రేంజ్‌లో ప్రతివాడికీ మొదట నేర్పే నాలుగు నియమాలు ఇవి: ప్రతి గన్‌నీ తూటా ఉన్నట్టే చూడాలి. నాశనమైనా ఫర్వాలేదు అనుకోని దేనివైపూ బ్యారెల్ తిరగకూడదు. గురి కుదిరి కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. ఒక నియమం తప్పినా ఇంకోటి కాపాడేలా నాలుగు పెట్టారు.

తాళాల సంగతి. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అని 1999 నుంచి నడుస్తోంది, చాలా పోలీసు స్టేషన్లలో కేబుల్ లాక్ (ఇనప తీగతో వేసే తాళం) ఉచితంగా ఇస్తారు. ఖాళీ చేసిన పిస్టల్‌లో స్లైడ్ వెనకే ఉంచి, తూటా బయటపడే కిటికీలోంచి కేబుల్‌ని పంపి, మ్యాగజైన్ దూర్చే సందులోంచి కిందికి తీసి తాళం వేయాలి. అప్పుడు స్లైడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ)లోంచి తిప్పి తాళం వేసేవాళ్ళని చూస్తుంటాం, అది తప్పు. గన్ పేలకుండా అది ఆపదు. ట్రిగ్గర్ మీద బిగించే లాక్‌ని కూడా తూటాలున్న గన్‌కి ఎప్పుడూ వేయకూడదు, బిగించేటప్పుడే ట్రిగ్గర్ కదలొచ్చు. కేబుల్ చిన్నపిల్లల్ని ఆపుతుంది. కటర్ ఉన్న దొంగని, పట్టుదల ఉన్న టీనేజర్ని ఆపదు. దానికి గోడకో నేలకో బోల్టులతో బిగించిన ఇనప సేఫ్ కావాలి.

హ్యాండ్‌బ్యాగ్, కారు డాష్‌బోర్డు సొరుగు, అతిథుల మంచం పక్క బల్ల, ఈ మూడింటినీ జనం తాళంలో లెక్కేయరు. 2014 డిసెంబర్‌లో ఐడహోలో ఒక వాల్‌మార్ట్‌లో రెండేళ్ళ పిల్లాడు బండిలో కూర్చునే తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీశాడు, ఆవిడ అక్కడే చనిపోయింది. ఇంటికి వచ్చే చుట్టాలకి లైసెన్స్ ఉందా అని కాదు, బ్యాగ్ ఎక్కడ పెడుతున్నారు అని అడగాలి.

టెక్సస్ చట్టం కూడా తెలుసుకోండి. పేలడానికి సిద్ధంగా ఉన్న గన్ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే అది నేరం, పీనల్ కోడ్ 46.13. మామూలుగా క్లాస్ సి (చిన్న స్థాయి నేరం). పిల్లలు కాల్చి ఎవరైనా చనిపోతే, తీవ్రంగా గాయపడితే క్లాస్ ఎ (దానికంటే పెద్ద స్థాయి). 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 నిండిన చాలామంది పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంటబెట్టుకు తిరగొచ్చు. పర్మిట్‌కి వెళ్తే క్లాసు వినాలి, కాల్చి చూపించాలి. ఆ మెట్టు తప్పనిసరి కాకపోయేసరికి, ఒక్క పాఠమూ వినని వాళ్ళ నడుముకి కూడా గన్ ఉండొచ్చు.

---

వీసా_కాగితాలు:

మూడో ప్రశ్నకి సూటిగా చెప్తాను. హెచ్1బి మీద ఉన్న మీవారు, వేట లైసెన్స్ లేకుండా రేంజ్‌లో గన్ పట్టుకోకూడదు. కొనడం, అద్దెకి తీసుకోవడం, స్నేహితుడిది ఒక్కసారి కాల్చి చూడటం, అన్నీ ఒకటే. ఫెడరల్ చట్టం 18 యుఎస్‌సి 922(జి)(5)(బి) ప్రకారం తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర గన్‌గానీ, తూటాగానీ ఉండకూడదు. ఎఫ్1 (స్టూడెంట్), హెచ్1బి, హెచ్4, ఎల్1 (కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్ళది), చూడటానికొచ్చే అమ్మానాన్నల బి2, అన్నీ ఇందులోకే వస్తాయి. శిక్ష 15 ఏళ్ళ దాకా, 2022 ముందు 10 ఏళ్ళుండేది. ఆ పైన దేశంనుంచి పంపించేయడానికి అది చాలు.

రేంజ్‌వాళ్ళు వీసా అడగరు, డ్రైవింగ్ లైసెన్స్ చూసి సంతకం పెట్టించుకుంటారు. అడగలేదు కాబట్టి తప్పులేదు అనుకోవడమే మనవాళ్ళు చేసే పొరపాటు. ఆ సంతకం, ఇన్‌స్టాలో పెట్టే ఫోటో, రెండూ సాక్ష్యాలే. రహైఫ్ కేసు వెతికి చదవండి. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా మీద వచ్చి, యూనివర్సిటీ తీసేశాక ఉండిపోయినతను ఒక రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు తీర్పిచ్చింది. కానీ ఆ కేసుకి మూలం ఆ రేంజ్‌కి వెళ్ళడమే.

మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు వేటకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 17 దాటినవాళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. చాలామంది మర్చిపోయేదేంటంటే ఇక్కడి ఏడాది లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొని సెప్టెంబర్‌లో రేంజ్‌కి వెళ్తే మినహాయింపు లేనట్టే. లైసెన్స్ కాపీ దగ్గర ఉంచుకోండి, వెళ్ళే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసి ఎదురుచూస్తున్నవాళ్ళు తొందరపడొద్దు.

---

హ్యూస్టన్_స్టోర్:

మంచి వివరాలు, థాంక్స్. మాకు గ్రీన్ కార్డు ఉంది, గ్యాస్ స్టేషన్ నడుపుతాం, రక్షణకి పిస్టల్ కొనాలనుకుంటున్నాం. ఇంట్లో నాలుగేళ్ళ బాబు. తాళం వేసి, ఖాళీ చేసి, తూటాలు వేరే చోట పెడితే అవసరానికి ఎలా పనికొస్తుంది? అమ్మానాన్న కూడా ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు.

---

రేంజ్_సేఫ్టీ:

అన్నా, అడగాల్సిన ప్రశ్నే. ప్యూ సర్వేలో కూడా ఓనర్లలో 72 శాతం మంది ముఖ్య కారణం రక్షణే అన్నారు. తాళం వేయకపోవడానికి వాళ్ళు చెప్పే కారణమూ మీదే.

పిల్లల డాక్టర్ల సంఘం మొదట చెప్పేది ఇంట్లో గన్ లేకపోవడమే క్షేమమని. ఉంచుకుంటే ఖాళీ చేసి, తాళం వేసి, తూటాలు వేరేగా తాళంలో. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ జాగ్రత్తలు ఒక్కొక్కటీ పిల్లల గాయాలు, ఆత్మహత్యలు తగ్గడంతో ముడిపడి కనిపించాయి. నాలుగేళ్ళ బాబున్న ఇంట్లో నేను చెప్పేదీ అదే. భయం స్టోర్‌లో అయితే గన్ అక్కడి సేఫ్‌లోనే బోల్టు వేసి ఉంచండి, రోజూ ఇంటికీ స్టోర్‌కీ మోయకండి. మోసే దారిలోనే కారులో మర్చిపోతారు.

త్వరగా చేతికి రావాలంటే చిన్న క్విక్ యాక్సెస్ సేఫ్ ఉంది, అలవాటైతే కొన్ని సెకన్లలో తెరవొచ్చు. కొనేముందు చూడాల్సినవి: బోల్టు రంధ్రాలున్నాయా, బ్యాటరీ అయిపోతే ఎలా తెరుచుకుంటుంది, విడి తాళంచెవి ఎక్కడ పెడతారు. ఆ తాళంచెవి వంటింటి సొరుగులో ఉంటే సేఫ్ లేనట్టే. కోడ్ పిల్లాడి పుట్టినరోజు పెట్టొద్దు. వేలిముద్ర సేఫ్ అయితే ఇంకా జాగ్రత్త. 2023 అక్టోబర్‌లో ఒక కంపెనీవి సుమారు 61 వేల సేఫ్‌లు వెనక్కి పిలిపించారు. వేలిముద్ర నమోదైందని కొన్నవాళ్ళు అనుకున్నారు, కానీ సేఫ్ ఎవరి వేలు పెట్టినా తెరుచుకునే మొదటి స్థితిలోనే ఉండిపోయింది. అందుకని నమోదు చేశాక, నమోదు చేయని వాళ్ళ వేళ్ళు పదీ పెట్టించి చూడండి. మీ ఆవిడవి, పక్కింటాయనవి. ఒక్కటి తెరిచినా వాపస్ ఇచ్చేయండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్ళీ ఇదే పరీక్ష.

---

వీసా_కాగితాలు:

అమ్మానాన్నల విషయంలో: వాళ్ళు బి2 మీద వస్తారు కాబట్టి కోడ్, తాళంచెవి వాళ్ళకి ఇవ్వకండి. తమ అదుపులో ఉంటే, చేతిలో లేకపోయినా "దగ్గర ఉన్నట్టే" అని వాదించే వీలుంది. వాళ్ళకి ఆ సేఫ్‌లో ఏముందో చెప్పండి. మనవడితో పగలంతా ఉండేది వాళ్ళే, అది తెరిచి కనబడితే ముట్టుకోకుండా బాబుని గదిలోంచి తీసుకొచ్చి మీకు ఫోన్ చేయాలని వాళ్ళకి తెలిసి ఉండాలి.

---

ఫ్రిస్కో_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండి. పల్లీల ఎలర్జీతో మొదలుపెట్టి ఆయనకి మెసేజ్ పెట్టాను. రైఫిళ్ళూ పిస్టలూ గరాజ్‌లో బోల్టేసిన సేఫ్‌లో ఉన్నాయట, తూటాలు మేడమీద వేరే పెట్టెలో, కోడ్ ఆయనకీ వాళ్ళావిడకీ మాత్రమే తెలుసట. రేంజ్‌కి మావారు వెళ్ళట్లేదు.

ఇంకొక్క సందేహం, ఏడాదిన్నర బాబుని కూడా తీసుకెళ్తాను. ఆయన వారం వారం రేంజ్‌కి వెళ్తారు కదా, సీసం పొడి సంగతి ఏంటి?

---

పిల్లల_వార్డు:

మంచి సందేహం. కాల్చినప్పుడు సీసం పొడి చేతులకి, బట్టలకి, బూట్లకి అంటుకుంటుంది. ఇండోర్ రేంజ్‌లో ఎక్కువ. నేలమీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే వయసుకి అదే ముప్పు. ఇది ఎక్కువగా కాల్చేవాళ్ళ ఇంట్లో పిల్లలకి వర్తిస్తుంది, అప్పుడప్పుడు వెళ్ళి ఆడుకునే బాబుకి అంత కంగారక్కర్లేదు. గరాజ్‌లో నేలమీద వదలకండి, ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడగండి. ఇంట్లో ఎవరైనా తరచూ కాల్చేవాళ్ళుంటే బూట్లు బయటే విప్పాలి, బట్టలు విడిగా ఉతకాలి, ఎత్తుకునే ముందు స్నానం చేయాలి. ఆ ఇంటి పిల్లలకైతే డాక్టర్‌ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించొచ్చు.